నాలుగు బైట్ల వెనుక ఇంకో నాలుగు బైట్లు: ఒక వీల్యాన్ లైన్‌లో ఎంటీయూ కేస్ స్టడీ

క్లయింట్ పేరు చెప్పను. రొయ్యలు ప్రాసెస్ చేసి ఎగుమతి చేసే కంపెనీ. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, ప్లాంటు భీమవరం పక్కన, కోల్డ్ స్టోరేజీ కాకినాడలో. ఈఆర్పీ (కంపెనీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్లన్నీ హెడ్డాఫీసులోనే ఉంటాయి. ప్లాంటులో గ్రేడింగ్ ఎంట్రీ, లేబుల్ ప్రింటింగ్, ప్యాకింగ్ లిస్టు, అన్నీ ఆ సర్వర్ నుంచే రావాలి. ప్యాకింగ్ లిస్టు చేతికి రాకపోతే కంటైనర్ గేటు దాటదు. అందుకే నాలుగు బైట్ల సంగతి కాస్తా మేనేజ్‌మెంట్ దాకా వెళ్లింది.

నాకు చెప్పిన ఫిర్యాదు ఇది: కొత్త లైన్ వేశాక లాగిన్ అవుతోంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, రిపోర్టు అడిగితే మాత్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోతోంది. స్పీడ్ టెస్ట్ పెడితే బ్రహ్మాండంగా వస్తోంది. ఇంకో విచిత్రం, మెయిన్ లైన్ తీసేసి బ్యాకప్ మీద నడిపితే అన్నీ పనిచేస్తున్నాయి. నెమ్మదిగానైనా రిపోర్టు వస్తోంది. ప్లాంటులో వాళ్లు అప్పటికే తీర్పు ఇచ్చేశారు: పాత లైనే నయం, కొత్తది దండగ.

నెట్‌వర్క్‌లో ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఈ లక్షణాలు వినగానే అనుమానం ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి పోవడం లేదు. ఒక్క ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చన్న పరిమితినే ఎంటీయూ అంటారు. ఎక్కడ ఆగుతున్నాయి, ఎందుకు ఆగుతున్నాయి అన్నదే తేలాలి. ఈ కేసులో జవాబులు రెండు ఉన్నాయి, మొదటిది రెండోదాన్ని దాచిపెట్టింది. దీన్ని రాయడానికి కారణం కూడా అదే.

లైన్ అమరిక

హైదరాబాద్‌లో జూనిపర్ ఎంఎక్స్ రౌటర్. భీమవరం, కాకినాడల్లో సిస్కో ఐఎస్ఆర్ 4000 శ్రేణి రౌటర్లు. మధ్యలో ఒక టెలికం సంస్థ లేయర్ 2 లైన్లు, అంటే ఐపీ జోలికి పోకుండా ఈథర్నెట్ ఫ్రేమ్‌లను (ఈథర్నెట్ హెడర్ తగిలించిన ప్యాకెట్లను) మోసేవి. ఆ సంస్థను ఇకపై క్యారియర్ అనే అంటాను. ఇదివరకు హైదరాబాద్‌లో ఒక్కో సైటుకు ఒక్కో పోర్టు ఉండేది, ట్యాగ్ ఏమీ లేకుండా. క్యారియర్ తన పరికరాలు మారుస్తూ, ఇకనుంచి హైదరాబాద్‌లో ఒకటే పోర్టు, భీమవరానికి వీల్యాన్ 210, కాకినాడకు వీల్యాన్ 220 వాడుకోండని చెప్పింది. వీల్యాన్ అంటే ఒకే కేబుల్ మీద విడివిడి లైన్లు నడిపే పద్ధతి, ఏ ఫ్రేమ్ ఏ లైన్‌దో చెప్పే నాలుగు బైట్ల గుర్తే ట్యాగ్. వాళ్ల నెట్‌వర్క్‌లోకి వెళ్లాక మన ట్యాగ్ పైన వాళ్ల సర్వీస్ ట్యాగ్ ఇంకొకటి పడుతుంది, అంటే క్యూ-ఇన్-క్యూ. ఈ సంగతి హ్యాండోవర్ కాగితంలో ఉంది కానీ దాన్ని ఎంటీయూతో కలిపి ఎవరూ చదవలేదు.

రూటింగ్ ఓఎస్పీఎఫ్, అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్. బ్యాకప్‌గా రెండు సైట్లలోనూ బ్రాడ్‌బ్యాండ్ మీద ఐపీసెక్ (ఎన్‌క్రిప్ట్ చేసిన) టన్నెల్. టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద ఐపీ ఎంటీయూ 1400, టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా సైజు) 1360 అని ఎప్పుడో ఎవరో పద్ధతిగా రాసిపెట్టారు. బ్యాకప్ మీద అన్నీ నడవడంలో ఉన్న రహస్యం ఇంతే. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడే సైజు 1360కి కుదించేస్తే, దారిలో పెద్ద ప్యాకెట్ అన్న మాటే రాదు.

కట్ఓవర్ రాత్రి ఏం జరిగింది

ఇది క్లయింట్ టీమ్ చెప్పినదాన్నీ, లాగ్‌లనూ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

కట్ఓవర్ అంటే పాత లైన్ నుంచి కొత్తదానికి మారడం. కొత్త పోర్టుకు కేబుల్ మార్చారు. జూనిపర్ ఇంటర్‌ఫేస్ మీద వీల్యాన్-ట్యాగింగ్ పెట్టి, యూనిట్ 210, యూనిట్ 220 సృష్టించారు. సిస్కోల్లో సబ్‌ఇంటర్‌ఫేస్, డాట్1క్యూ ఎన్‌క్యాప్సులేషన్ (ట్యాగ్ తగిలించే పద్ధతి). పింగ్ వెంటనే వచ్చింది. ఓఎస్పీఎఫ్ మాత్రం ఎక్స్‌స్టార్ట్ దగ్గర, అంటే రెండు రౌటర్లు సమాచారం మార్చుకోవడం మొదలుపెట్టే మెట్టు దగ్గర, కూర్చుంది. ఆ మార్పిడి పూర్తయితేనే ఫుల్ అంటుంది. భీమవరం కుర్రాడి మాటల్లో, "నైబర్ కనిపిస్తోందండి, ఫుల్ అవ్వట్లేదండి. ఎక్స్‌స్టార్ట్, మళ్లీ డౌన్, మళ్లీ ఎక్స్‌స్టార్ట్. అర్ధరాత్రి దాకా ఇదేనండి."

ఎక్స్‌స్టార్ట్‌లో ఇరుక్కుంటే ఎంటీయూ చూడాలని చదువుకున్నవాళ్లే కాబట్టి, ముందు సిస్కోలో ఎంటీయూ-ఇగ్నోర్, అంటే ఎంటీయూ తేడాను పట్టించుకోవద్దన్న ఆదేశం, పెట్టారు. ఏమీ మారలేదు. దాంతో సమస్య ఎంటీయూ కాదేమో అన్న అనుమానంలో పడి కొంతసేపు ఏరియా నంబర్లు, అథెంటికేషన్, హలో టైమర్లు తిరగేశారు.

అసలు ఎంటీయూ-ఇగ్నోర్ ఎందుకు పని చేయలేదో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఓఎస్పీఎఫ్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2328 ప్రకారం ప్రతి రౌటరూ తన డేటాబేస్ డిస్క్రిప్షన్ ప్యాకెట్‌లో తన ఇంటర్‌ఫేస్ ఎంటీయూ రాసి పంపుతుంది. అందుకున్న రౌటర్, అవతలివాడు చెప్పిన అంకె తనకు పట్టేదానికన్నా పెద్దదైతే ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. చిన్నదైతే ఏమీ అనదు. అంటే ఈ తనిఖీ ఒకవైపే పనిచేస్తుంది, తిరస్కరించేది ఎప్పుడూ చిన్న ఎంటీయూ ఉన్న రౌటరే. ఇక్కడ సిస్కో 1500 అంటోంది, జూనిపర్ 1496 అంటోంది. పారేస్తున్నది జూనిపర్. సిస్కోకు ఎన్నిసార్లు ఇగ్నోర్ చేయమని చెప్పినా, అది మొదటినుంచీ అభ్యంతరం చెప్పనే లేదు.

చివరికి ఎవరో జూనిపర్‌లో షో ఇంటర్‌ఫేసెస్ చూసి, ప్రోటోకాల్ ఐనెట్ (అంటే ఐపీ) పక్కన 1496 ఉండటం గమనించారు. సిస్కో సబ్‌ఇంటర్‌ఫేస్ మీద ఐపీ ఎంటీయూ 1496 అని కొట్టారు. ఓఎస్పీఎఫ్ ఫుల్. కాకినాడలోనూ అదే కొట్టారు. అక్కడా ఫుల్. తెల్లవారుజామున కట్ఓవర్ విజయవంతం అని మెయిల్ వెళ్లింది.

ఆ మెయిల్ పంపినవాళ్లను నేను తప్పు పట్టను. మెయింటెనెన్స్ విండో అయిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. పెద్ద అంకెను చిన్న అంకెకు దించితే రెండూ సమానమవుతాయి, ప్రోటోకాల్ లేస్తుంది. కాకపోతే ఆ 1496 ఎక్కడినుంచి వచ్చిందని మర్నాడైనా ఎవరో ఒకరు అడగాల్సింది.

1496 పుట్టుక

జూనిపర్ కాన్ఫిగరేషన్‌లో ఆ ఫిజికల్ ఇంటర్‌ఫేస్ కింద ఎంటీయూ 1514 అని ఒక లైన్ ఉంది. పాత టెంప్లేట్‌లోది. ట్యాగ్ లేని రోజుల్లో ఆ లైన్ ఉన్నా లేకపోయినా ఒకటే, ఎందుకంటే జూనిపర్ ఆపరేటింగ్ సిస్టమ్ జూనోస్‌లో డిఫాల్టే 1514. అక్కడ ఫిజికల్ ఎంటీయూ అంటే 1500 బైట్ల ఐపీ ప్యాకెట్, దానిమీద 14 బైట్ల ఈథర్నెట్ హెడర్. తప్పులు పట్టడానికి చివర్లో వచ్చే 4 బైట్ల ఎఫ్‌సీఎస్ ఈ లెక్కలోకి రాదు.

వీల్యాన్-ట్యాగింగ్ పెట్టినప్పుడు, ఎంటీయూ మనం చేత్తో రాయకపోతే జూనోస్ తానే 1518కి పెంచుకుంటుంది. రెండు ట్యాగ్‌లకు వీలుగా ఫ్లెక్సిబుల్-వీల్యాన్-ట్యాగింగ్ పెడితే 1522 చేసుకుంటుంది. కింద ఐపీకి 1500 మిగిలేలా చూసుకోవడమే దాని ఉద్దేశం. మనమే 1514 అని రాసిపెడితే ఆ మాటకు కట్టుబడుతుంది. 1514లోంచి హెడర్‌కు 14, ట్యాగ్‌కు 4 తీసేసి, ఐపీకి 1496 ఇస్తుంది. డిఫాల్ట్ విలువనే చేత్తో రాసినా, డిఫాల్ట్ పోయి ఆజ్ఞ అవుతుంది. టెంప్లేట్లు తయారుచేసేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు, నా దగ్గరికి వచ్చే ఎంటీయూ కేసుల్లో ఇది తరచూ కనిపించేదే.

ఇదే 1514 ఇంకో పెట్టెలో ఉంటే ఏమయ్యేది? సిస్కో ఐఓఎస్-ఎక్స్ఆర్‌లో మెయిన్ ఇంటర్‌ఫేస్ మీద 1514 అని రాసినా ఏమీ కాదు. అక్కడ కూడా హెడర్ కలిపే లెక్క, కానీ సబ్‌ఇంటర్‌ఫేస్‌కు ట్యాగ్‌కు నాలుగు చొప్పున అదే కలుపుకుంటుంది, ఐపీకి 1500 చెక్కుచెదరదు. మామూలు ఐఓఎస్‌లోనూ ఐఓఎస్-ఎక్స్ఈలోనూ ఎంటీయూ అంటే హెడర్ లేని 1500. ట్యాగ్ సంగతి మనకు చెప్పకుండా అదే చూసుకుంటుంది. మైక్రోటిక్‌లో రెండు అంకెలు ఉంటాయి. ఎంటీయూ ఐపీకి, ఎల్2 ఎంటీయూ ట్యాగ్‌లు, లేబుళ్లతో కలిపి, కానీ 14 బైట్ల హెడర్ లేకుండా. ఒక ట్యాగ్‌కు ఎల్2 ఎంటీయూ కనీసం 1504, రెండు ట్యాగ్‌లకు 1508 ఉండాలి. లినక్స్‌లో వీల్యాన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ దాని తల్లి ఇంటర్‌ఫేస్ ఎంటీయూను దాటకూడదు, రెంటికీ 1500 ఉన్నా సాధారణంగా నడుస్తుంది, ఆ నాలుగు బైట్ల చోటు డ్రైవర్ చూసుకుంటుంది.

చీర ఎంత పొడవని అడిగితే ఒక కొట్టువాడు జాకెట్టు ముక్క కలిపి చెబుతాడు, ఇంకొకడు తీసేసి చెబుతాడు. ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఎంటీయూ కూడా అంతే. రెండు వైపులా ఒకటే అంకె కనిపించిందని సంతోషపడటానికి లేదు, వేర్వేరు అంకెలు కనిపించాయని కంగారు పడటానికీ లేదు.

రిపోర్టులు ఎందుకు ఆగాయి

రెండు వైపులా 1496 ఉంటే సిద్ధాంతం ప్రకారం పని జరగాలి. సర్వర్ 1500 బైట్ల ప్యాకెట్‌ను డీఎఫ్ బిట్‌తో, అంటే ముక్కలు చేయవద్దన్న గుర్తుతో పంపుతుంది. జూనిపర్ దాన్ని 1496 ఇంటర్‌ఫేస్‌లోంచి పంపలేక, ఐసీఎంపీ టైప్ 3 కోడ్ 4 సందేశం వెనక్కి పంపుతుంది: ముక్కలు చేస్తే తప్ప పోదు, నాకు 1496 వరకే పడుతుంది అని. సర్వర్ తగ్గించుకుని మళ్లీ పంపుతుంది. 1990లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1191 చెప్పే పాత్ ఎంటీయూ డిస్కవరీ ఇదే.

ఈఆర్పీ సర్వర్ ముందు ఫైర్‌వాల్ ఉంది. అందులో ఐసీఎంపీ మొత్తం డ్రాప్. సెక్యూరిటీ ఆడిట్‌లో ఎవరో పెట్టమన్నారట. ఫైర్‌వాల్‌కు రెండు పక్కలా క్యాప్చర్ పెడితే కథంతా కనిపించింది. బయట పక్క జూనిపర్ నుంచి ఐసీఎంపీలు వరసగా వస్తున్నాయి, ప్రతిదాంట్లో 1496 అని స్పష్టంగా రాసి ఉంది. లోపలి పక్క ఒక్కటీ లేదు. సర్వర్ పాపం అదే 1500 బైట్ల సెగ్మెంట్‌ను మళ్లీ మళ్లీ పంపుతోంది, ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువసేపు ఆగి.

ప్లాంటు నుంచి హైదరాబాద్‌కు స్కాన్ చేసిన కాగితాలు అప్‌లోడ్ చేస్తే మాత్రం బాగానే వెళ్తున్నాయి. ఆ దిశలో పెద్ద ప్యాకెట్‌ను ఆపేది భీమవరం సిస్కో, అది ఐసీఎంపీ పంపేది పక్కనే ఉన్న పీసీకి, మధ్యలో ఫైర్‌వాల్ లేదు. పైకి పోయేది పోతోంది, కిందికి రావాల్సింది రావడం లేదు. ఇలా ఒక దిశలోనే ఆగుతోందంటే ఐసీఎంపీని ఎవరో మధ్యలో మింగుతున్నారేమో చూడాలి. నేను మొదట వెతికేది అదే.

ఫైర్‌వాల్‌లో టైప్ 3 కోడ్ 4ను అనుమతించమని అడిగాను. సెక్యూరిటీ టీమ్ చేంజ్ రిక్వెస్ట్ పెట్టమంది, కమిటీలో చూస్తామంది. అప్పటికి అక్కడ వదిలేసి రౌటర్ సంగతి చూశాను.

సరిచేశాం, రోగం ముదిరింది

జూనోస్‌లో ఫిజికల్ ఎంటీయూ మారిస్తే ఆ ఇంటర్‌ఫేస్‌ను సిస్టమ్ తీసేసి మళ్లీ సృష్టించినట్టే, లింక్ ఒక్కసారి పడిలేస్తుంది. అందుకని రాత్రి షిఫ్టు మారే సమయం అడిగి తీసుకున్నాం. 1514 లైన్ తీసేసి కమిట్. షో ఇంటర్‌ఫేసెస్‌లో పైన ఎంటీయూ 1518, యూనిట్ కింద ఐనెట్ 1500. సిస్కోల్లో ఐపీ ఎంటీయూ 1496ను, ఎందుకూ పనికిరాని ఆ ఎంటీయూ-ఇగ్నోర్‌ను తీసేశాం. ఓఎస్పీఎఫ్ రెండు సైట్లకూ క్షణాల్లో ఫుల్.

కాకినాడ నుంచి రిపోర్టు తీయించాం, వెంటనే వచ్చింది. భీమవరం నుంచి తీయించాం, రాలేదు. పైగా ఇప్పటిదాకా పనిచేస్తున్న అప్‌లోడ్ కూడా ఆగిపోయింది.

ఫోన్‌లో భీమవరం కుర్రాడి గొంతులో టెన్షన్. "మార్చకముందే బాగుందండి. పాతది వెనక్కి పెట్టేద్దామాండి?"

వద్దన్నాను. ముందు పింగ్ స్వీప్, అంటే సైజు పెంచుకుంటూ వరసగా పింగ్‌లు, చేద్దామన్నాను. ఇక్కడ ఒక చిన్న చిక్కు చెప్పాలి, ఫోన్‌లో ఇద్దరు ఇంజనీర్లు అంకెలు చెప్పుకునేటప్పుడు ఎప్పుడూ వచ్చేదే. సిస్కోలో పింగ్ సైజు అంటే ఐపీ హెడర్‌తో కలిపి మొత్తం. జూనిపర్‌లో, లినక్స్‌లో, విండోస్‌లో సైజు అంటే లోపలి డేటా మాత్రమే, దానికి ఐసీఎంపీ 8, ఐపీ 20 కలవాలి. భీమవరంలో 1500 అన్నా, హైదరాబాద్‌లో 1472 అన్నా ఒకటే ప్యాకెట్. ఇద్దరం ఐపీ మొత్తం సైజే చెప్పుకుందామని ముందే ఒప్పందం చేసుకున్నాం.

సిస్కో ఎక్స్‌టెండెడ్ పింగ్‌లో డీఎఫ్ బిట్ పెట్టి, 1490 నుంచి 1500 దాకా ఒక్కో బైటు పెంచుతూ స్వీప్ చేశాం. 1496 దాకా ఆశ్చర్యార్థకాలు, అంటే జవాబు వచ్చింది. 1497 నుంచి చుక్కలు, అంటే రాలేదు. మళ్లీ చేసినా అంతే, ఒక్క బైటు అటూ ఇటూ కాలేదు. దారిలో ఏదైనా రౌటర్ ఇది పట్టదని ఐసీఎంపీ పంపి ఉంటే సిస్కో ఆ చోట ఎమ్ అక్షరం చూపిస్తుంది. ఇక్కడ అన్నీ చుక్కలే. ఎవరూ ఏమీ చెప్పకుండా పారేస్తున్నారు. ఐపీ తెలిసిన పరికరం అలా చేయడం తక్కువ. స్విచ్ అయితే చేస్తుంది, ఎందుకంటే ఫ్రేమ్ తన పరిమితి దాటితే పారేయడమే దాని పని, పంపినవాడికి కబురు చేసే పద్ధతి లేయర్ 2లో లేదు.

లెక్క కాగితం మీద వేశాం. ఐపీ ప్యాకెట్ 1500, ఈథర్నెట్ హెడర్ 14, మన ట్యాగ్ 4, ఎఫ్‌సీఎస్ 4. కలిపి 1522. ఇది ఎక్కడైనా పోతుంది, ట్యాగ్ కోసం ఈథర్నెట్ గరిష్ఠ ఫ్రేమ్‌ను 1518 నుంచి 1522కు పెంచుతూ ఐఈఈఈ 802.3ఏసీ 1998లోనే వచ్చింది. దాని మీద క్యారియర్ ట్యాగ్ 4 పడితే 1526. దారిలో ఎక్కడో ఒక స్విచ్ 1522 దగ్గరే ఆగిపోయి ఉంటే, ఐపీకి మిగిలేది సరిగ్గా 1496.

ఇప్పుడు కట్ఓవర్ రాత్రి సంగతి ఇంకోలా కనిపించింది. పొరపాటున వచ్చిన ఆ 1496 వల్ల క్యారియర్ స్విచ్‌కు పట్టని ఫ్రేమ్ ఒక్కటీ ఆ రోజుల్లో లైన్ ఎక్కలేదు. రౌటర్లు పెద్ద ప్యాకెట్‌ను ముందే ఆపి, కనీసం ఐసీఎంపీ అయినా పంపేవి. మా వైపు తప్పు సరిచేసేసరికి, వెనకాల దాగి ఉన్న అవతలివైపు తప్పు బయటపడింది. రెండూ నాలుగే బైట్లు కావడంతో ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

ఓఎస్పీఎఫ్ ఈసారి ఏమీ పసిగట్టలేదు. రెండు రౌటర్లూ 1500 అని ఒప్పుకున్నాయి, అంతటితో దాని తనిఖీ అయిపోయింది. మధ్యలో స్విచ్ ఎంత మోయగలదో అది చూడదు. ఇంత చిన్న నెట్‌వర్క్‌లో దాని ప్యాకెట్లు 1496 దాకా ఎదగవు కూడా. ఐఎస్-ఐఎస్ అనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్ అయితే హలోలను ఎంటీయూ నిండేదాకా ప్యాడింగ్ చేసి పంపుతుంది, ఇలాంటి చోట నైబర్ లేవకుండానే తప్పు పట్టించేది. ఆ ప్యాడింగ్‌ను బ్యాండ్‌విడ్త్ వృథా అని ఆపేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

క్యారియర్‌తో మాటలు

పాతది వెనక్కి పెట్టకుండా, భీమవరం సబ్‌ఇంటర్‌ఫేస్ మీద టీసీపీ ఎంఎస్ఎస్ 1456 అని తాత్కాలికంగా పెట్టించాను. 1496లోంచి ఐపీ, టీసీపీ హెడర్ల 40 తీస్తే వచ్చేది అదే. ఒక చివర పెడితే చాలు, రెండు దిశల్లో వెళ్లే సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్లనూ సవరిస్తుంది. రిపోర్టులు మొదలయ్యాయి, ప్లాంటు ఊపిరి పీల్చుకుంది. ఇది కట్టు మాత్రమే, మందు కాదు. టీసీపీ కాని యూడీపీకి ఇది అంటదు, ఎవరైనా ఆ లైన్ మీద ఐపీసెక్ నడిపితే దానికీ అంటదు. ఎంఎస్ఎస్ సవరించి టికెట్ మూసేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది కాబట్టి, ఆ కాన్ఫిగరేషన్ లైన్ పక్కన డిస్క్రిప్షన్‌లో తాత్కాలికం అని టికెట్ నంబర్‌తో సహా రాయించాను.

క్యారియర్ నాక్‌కు, అంటే వాళ్ల నెట్‌వర్క్ కంట్రోల్ రూమ్‌కు, ఫోన్ చేస్తే మొదటి జవాబు ఊహించిందే: "మా లైన్ 1500 ఎంటీయూ సార్, మా వైపు ఏ సమస్యా లేదు." రెండో జవాబుగా లైన్ అప్పగించినప్పటి ఆర్‌ఎఫ్‌సీ 2544 టెస్ట్ రిపోర్టు పంపారు. 64, 128, 256, 512, 1024, 1280, 1518. ఏడు సైజుల్లోనూ నష్టం సున్నా.

ఆ రిపోర్టు నిజమే. అందులో పెద్ద ఫ్రేమ్ 1518. టెస్టర్‌ను ఒక చివర పెట్టి 1518 బైట్ల ఫ్రేమ్ పంపితే, వాళ్ల ట్యాగ్ కలిశాక 1522 అవుతుంది, స్విచ్ పరిమితిలో సరిగ్గా ఇరుక్కుని పోతుంది. మన ట్యాగ్‌తో 1522 బైట్ల ఫ్రేమ్ ఆ జాబితాలోనే లేదు. ట్యాగ్ లేని ఈథర్నెట్ కొలతలతో ట్యాగ్ ఉన్న లైన్‌ను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చారు.

ఇలాంటి చోట ఎంటీయూ అన్న మాట పక్కన పెట్టేయాలన్నది నా అనుభవం. మెయిల్‌లో ఒకే ప్రశ్న రాశాను: మా పోర్టులోకి మేము పంపే ఫ్రేమ్, మా ట్యాగ్‌తో, ఎఫ్‌సీఎస్‌తో కలిపి 1522 బైట్లు. మీ ట్యాగ్ కలిశాక 1526. హైదరాబాద్ నుంచి భీమవరం దాకా ప్రతి పోర్టులో 1526 పడుతుందా? దాని కింద కాకినాడ స్వీప్, భీమవరం స్వీప్ పక్కపక్కన పెట్టాను. రెండూ హైదరాబాద్‌లో అదే పోర్టు, అదే రౌటర్, అదే కేబుల్. కాకినాడకు 1500 పోతోంది. కాబట్టి మా రౌటర్‌ది గానీ హైదరాబాద్ పోర్టుది గానీ తప్పు కాదు, భీమవరం వైపు దారి విడిపోయాక ఉన్నది ఏదో ఆపుతోంది. ఈ పోలిక లేకపోతే ఆ టికెట్ ఇంకా అటూ ఇటూ తిరుగుతూ ఉండేదని నా నమ్మకం.

ఆ మెయిల్ కోర్ టీమ్‌లో సరైన మనిషి దగ్గరికి చేరింది. ఆయన ఫోన్ చేసి స్వీప్ వదిలేయకుండా నడుపుతూ ఉండమన్నారు. కాసేపటికి, "భీమవరం యాక్సెస్ స్విచ్‌లో అప్‌లింక్ పోర్టు మీద ఓవర్‌సైజ్ కౌంటర్ పెరుగుతోందండి, మీరు ఆపితే ఆగుతోంది" అన్నారు. పాత మోడల్ స్విచ్. మిగతా దారంతా జంబో (పెద్ద ఫ్రేమ్‌ల సెట్టింగ్) పెట్టి ఉంది, ఇది ఒక్కటే ఫ్యాక్టరీ విలువ మీద ఉండిపోయింది. కాకినాడలో స్విచ్ కొత్తది కాబట్టి అక్కడ బతికిపోయాం.

ఆయన పరిమితి పెంచడానికి రాత్రి విండో అడిగారు, ఆ స్విచ్‌లో ఈ మార్పు అమలవ్వాలంటే రీబూట్ కావాలట. ఆశ్చర్యం లేదు. పాత సిస్కో కెటలిస్ట్ 3560, 3750ల్లోనూ సిస్టమ్ ఎంటీయూ మారిస్తే రీలోడ్ చేసేదాకా వర్తించదు. ఆ రాత్రి తర్వాత స్వీప్ 1500 దాకా నిండుగా వచ్చింది, రెండు చివరల నుంచీ. ఒక దిశలో చూసి వదిలేయకూడదు. రానూపోనూ ఒకే పోర్టులు దాటినా, స్విచ్‌లు లోపలికి వచ్చే ఫ్రేమ్‌కు ఒక పరిమితి, బయటికి పంపేదానికి ఇంకో పరిమితి పెట్టుకోవడం ఉంది. ఎంఎస్ఎస్ 1456 లైన్ తీయించి, మళ్లీ రిపోర్టు తీయించి, అప్పుడు టికెట్ మూశాం.

ఇప్పుడు ఎలా పెట్టాం

జూనిపర్‌లో 1518 డిఫాల్ట్‌ను అలాగే వదిలేసినా నడుస్తుంది. నేను వేరేలా పెట్టించాను. ఫిజికల్ ఎంటీయూ 9192, ప్రతి యూనిట్‌లో ఫ్యామిలీ ఐనెట్ కింద ఎంటీయూ 1500 అని విడిగా. రేపు ఎవరైనా వీల్యాన్-ట్యాగింగ్ బదులు ఫ్లెక్సిబుల్ పెట్టినా, ఇంకో ట్యాగ్ వచ్చినా, ఐపీ సైజు కదలదు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఐనెట్ కింద 1500 రాయడం మర్చిపోతే జూనోస్ 9192లోంచి 18 తీసి ఐపీకి 9174 ఇస్తుంది, అప్పుడు ఓఎస్పీఎఫ్‌ను తిరస్కరించడం సిస్కో వంతు అవుతుంది. ఫిజికల్ వదులుగా, ఐపీ బిగువుగా. రెండు లైన్లూ కలిసే ఉండాలని టెంప్లేట్‌లోనే జతగా పెట్టించాం.

సిస్కో సబ్‌ఇంటర్‌ఫేస్‌లలో ఏమీ రాయలేదు, అక్కడ డిఫాల్ట్ 1500 సరిపోతుంది.

ఫైర్‌వాల్‌లో టైప్ 3 కోడ్ 4కు కమిటీ అనుమతి చివరికి వచ్చింది. రెండు లైన్లూ 1500 మోస్తున్నాయి కాబట్టి ఇప్పుడు దాని అవసరం రోజూ పడదు. కానీ బ్యాకప్ టన్నెల్ 1400 మీదే ఉంది, అందులో పోయే యూడీపీకి ఎంఎస్ఎస్ సవరణ పనికిరాదు. ఐపీవీ6 మొదలుపెట్టే రోజు వస్తే ఇది ఇంకా ముఖ్యం. అక్కడ మధ్యలో రౌటర్లు ముక్కలు చేయనే చేయవు, ఐసీఎంపీవీ6 టైప్ 2 సందేశం మూసేస్తే పెద్ద ప్యాకెట్‌కు దారే ఉండదు. ఆ నియమం కూడా ఇప్పుడే పెట్టేయమని అడిగాం, పెట్టారు.

క్యారియర్ నుంచి కొత్త లైన్ తీసుకునేటప్పుడు సంతకం పెట్టే కాగితంలో ఒక వాక్యం చేర్చాం: కస్టమర్ ట్యాగ్, ఎఫ్‌సీఎస్ కలిపి 1522 బైట్ల ట్యాగ్డ్ ఫ్రేమ్‌తో పరీక్షించి, నష్టం సున్నా అని చూపాలి. ఎంటీయూ 1500 అని రాస్తే ఒప్పుకోం. 802.3ఏఎస్ 2006లో ఇలాంటి అదనపు ట్యాగ్‌ల కోసమే ఫ్రేమ్ కవరును 2000 బైట్లకు పెంచింది కాబట్టి ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇక మిగిలింది ఒకటి. హైదరాబాద్ స్టోరేజ్ నుంచి కాకినాడకు రెప్లికేషన్ పెట్టాలని, దానికి 9000 ఎంటీయూ ఇస్తారా అని క్లయింట్ అడుగుతున్నారు. మా రౌటర్లు ఇవ్వగలవు. ఐపీ 9000 అంటే మా ఫ్రేమ్ 9022, క్యారియర్ ట్యాగ్‌తో 9026. కాకినాడ దారిలో ప్రతి పోర్టూ 9026 మోస్తుందని, ఆ సైజు ట్యాగ్డ్ ఫ్రేమ్‌తోనే పరీక్షించి రాసి ఇవ్వమని క్యారియర్‌ను అడిగాం. జవాబు ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆ యూనిట్ కూడా 1500 మీదే ఉంటుంది.